కొల్లేరు ఎక్కడుంది మాస్టారూ?

పోయిన సంచికలో కొల్లేరు గురించి నాలుగు మాటలు రాసి, వెళ్లాలనుకునేవాళ్లు ఏమైనా అడగాలంటే రాయమన్నాను. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు బాగానే వచ్చాయి. నేను లంక ఊళ్లో పుట్టి, ఆ చుట్టుపక్కల బళ్లలోనే పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కొల్లేరు మాట వస్తే నాకు కాస్త ఎక్కువ మాట్లాడే అలవాటు. అన్ని ప్రశ్నలకీ చోటు లేదు కాబట్టి ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మాస్టారూ, సెలవుల్లో పిల్లల్ని తీసుకుని కారులో ఏలూరు నుంచి కైకలూరు దాకా వెళ్లాం. దారి పొడవునా చేపల చెరువులు, గట్లు, మేత బస్తాలు మోసుకెళ్లే లారీలు. "అమ్మా, సరస్సు ఎక్కడ?" అని పిల్లలు అడుగుతూనే ఉన్నారు. నాకేమో ఏం చూపించాలో తెలియలేదు. అంత పెద్ద కొల్లేరు ఎక్కడుందండీ?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు కొల్లేట్లోంచే వెళ్లారు. ఆ రోడ్డు కొల్లేరుకి అడ్డంగా పోతుంది. కానీ మీరు వెతికింది హుస్సేన్ సాగర్ లాంటిది, ఒక గట్టు మీద నిలబడితే ఆ చివర నుంచి ఈ చివర దాకా కనిపించే నీళ్లు. కొల్లేరు అలాంటిది కాదు.

కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య మిగిలిపోయిన పల్లం అది. రెండు నదులూ వేల ఏళ్లు ఒండ్రు తెచ్చి పోసుకుంటూ చెరో పక్కా ఎత్తు పెంచుకున్నాయి, నడుమ పల్లం అలాగే ఉండిపోయింది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏరులు, చిన్నా పెద్దా డ్రెయిన్లు, కాలువలు దాని కడుపులోకే వచ్చి పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరు. అది వంకర్లు తిరుగుతూ వెళ్లి సముద్రంలో కలుస్తుంది. అందుకే వానల్లో కొల్లేరు ఉబ్బుతుంది, ఎండల్లో చాలా మేర నేల తేలుతుంది. ఒడ్డు ఎక్కడ అంటే ఆగస్టులో ఒకచోట, ఏప్రిల్లో ఇంకోచోట చూపించాలి. లోతు కూడా పెద్దగా ఉండదు. లంకల్లో పెరిగిన మాకు నడుం లోతు నీళ్లలో నడవడం వింతేం కాదు.

పైగా ఉన్న నీళ్లు కూడా నీళ్లలా కనిపించవు. మనిషిని మించి పెరిగే కిక్కిస పొదలు, వాటి మధ్య గుర్రపుడెక్క పరుపులు, అక్కడక్కడా కలువలు. రోడ్డు మీంచి చూసే కంటికి అదంతా పచ్చిక బయలే. ఇక మీరు చెప్పిన చెరువులు నిజమే, వాటి సంగతి వేరే ప్రశ్నలో రాస్తున్నాను.

ఈసారి వెళ్లినప్పుడు కారు ఆపడానికి వీలున్న ఏదైనా వంతెన దగ్గర దిగండి. గుర్రపుడెక్క ముక్క ఒకటి చూసుకుని, అది ఎటు కొట్టుకుపోతోందో పిల్లల్ని కనిపెట్టమనండి. కొన్నిచోట్ల అది కదిలినట్టే ఉండదు, అయిదు నిమిషాలు చూస్తే గాని తెలియదు. ఆ కదలికే కొల్లేరు. వచ్చిన నీటిని పట్టి ఉంచి, మెల్లగా సముద్రానికి వదలడమే దాని పని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు టీవీల్లో చూసే ఉంటారు. ఆ నీళ్లు ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాయని ఎవరూ పెద్దగా అడగలేదు. మా లంక ఊళ్ల చుట్టూ వచ్చి నిలబడ్డాయి. ఆ మాట కూడా పిల్లలకి చెప్పండి.

ప్రశ్న: కైకలూరు దగ్గరి ఆటపాకలో పక్షుల్ని చూడ్డానికి ఏ నెల, ఏ వేళ మంచిది? అక్కడ ఇనుప స్టాండ్ల మీద గూళ్లు ఉంటాయట. అంటే జూ లాంటిదేనా?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: జూ కాదు నాయనా. అక్కడ పక్షుల్ని బోనులో పెట్టరు, మేత వేసేవాళ్లు లేరు. పక్షి తనంతట తాను వస్తుంది, ఇష్టం లేకపోతే రావడం మానేస్తుంది. గూడబాతు గూడు కట్టాలంటే చుట్టూ నీళ్లుండాలి, ఆ నీళ్ల నడుమ కాళ్లు ఆనే ఎత్తు ఉండాలి. గుడ్లకీ పిల్లలకీ నేలమీద తిరిగే జంతువుల నుంచి రక్షణ అదే. అలాంటి చెట్లు కొల్లేట్లో చాలక, అటవీ శాఖవాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతారు. పక్షులు వాటిని ఒప్పుకున్నాయి. పుల్లలు, రెల్లు తామే తెచ్చుకుని గూళ్లు కట్టుకుంటాయి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా వెళ్లండి. నన్నడిగితే జనవరి. అప్పటికి చాలా గూళ్లలో పిల్లలు ఉంటాయి. తెల్లవారేసరికి అక్కడుండాలి. పొగమంచు ఉన్న రోజున మొదట ఏమీ కనిపించదు, చప్పుడే వినిపిస్తుంది. పెద్ద గూడబాతులు దాదాపు నోరు విప్పవు, ఆ గోలంతా పిల్లలదే. కాస్త వెలుతురు వచ్చాక ఒక్కొక్క స్టాండూ మంచులోంచి బయటపడుతుంది.

బైనాక్యులర్స్ ఉంటే ఒక్క గూడు ఎంచుకుని దాన్నే చూడండి. తల్లో తండ్రో (ఇద్దరూ మేత తెస్తారు) బరువుగా వచ్చి వాలుతుంది. రెక్కలు ముడుచుకునే లోపే పిల్లలు మీదపడతాయి. పెద్దది ముక్కు తెరవగానే పిల్ల తన తల మొత్తం ఆ గొంతు సంచిలోకి దూర్చేస్తుంది. మెడ దాకా లోపలికి పోతుంది. సంచి బయటి నుంచి పిల్ల తల కదలడం తెలుస్తూ ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్లు కంగారు పడతారు, తల్లి పిల్లని మింగేస్తోందేమోనని. అరిగీ అరగని చేపని పిల్ల లోపలే తినేస్తోంది, అంతే. ఆ సమయంలోనే ముక్కు పైభాగం గమనించండి, వరసగా నీలం-నలుపు చుక్కలు ఉంటాయి. మన గూడబాతుకి ఆ చుక్కలే గుర్తు.

ఎర్రకాళ్ల కొంగలు కూడా ఆ స్టాండ్ల మీదే ఉంటాయి. వాటి తోక దగ్గరి ఈకల మీద గులాబీ రంగు పులిమినట్టు ఉంటుంది, ఎండ ఏటవాలుగా పడితే బాగా తెలుస్తుంది. నత్తగుల్ల కొంగల్ని గట్ల మీదా పొలాల్లోనూ వెతకండి. రెండు ముక్కుల మధ్య సందు ఉంటుంది దానికి, నత్తల్ని పట్టి తినడానికి వీలుగా. నీటికాకులు స్తంభాల మీద రెక్కలు చాపుకుని ఆరబెట్టుకుంటూ దొరుకుతాయి.

పడవ షికారు ఉంటే ఎక్కండి, కానీ పడవ నడిపే అతన్ని "ఇంకా దగ్గరికి పోనివ్వు" అని బలవంతపెట్టకండి. పెద్ద పక్షి బెదిరి లేచిందంటే గుడ్లు ఎండకి మాడతాయి, లేదా కాకి వచ్చి ఎత్తుకుపోతుంది. మీకు ఒక్క ఫొటో, దానికి ఒక ఏడాది సంతానం. వాచ్ టవర్ మీంచి కూడా చాలా బాగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఆ పక్షులన్నీ సైబీరియా నుంచే వస్తాయని మా గైడు చెప్పాడు. అంత దూరం ఎలా ఎగురుతాయి?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: ఈ మాట ఎక్కడ పుట్టిందో గాని, కొంగ కనిపిస్తే చాలు సైబీరియా అనేస్తున్నారు. స్టాండ్ల మీద మీరు చూసిన గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మన దేశపు పక్షులే. నీళ్లూ మేతా ఉన్నచోటికి ఇక్కడిక్కడే తిరుగుతూ, గూళ్లు పెట్టుకోవడానికి కొల్లేరు, నేలపట్టు, ఉప్పలపాడు లాంటి చోట్లకి చేరతాయి. పిల్లల్ని కనేది ఇక్కడే కాబట్టి పుట్టిల్లు ఇదే.

ఉత్తరాది నుంచి, హిమాలయాలకి అవతలి నుంచి చలికాలం గడపడానికి వచ్చేవి వేరు. సూదిలాంటి తోక ఉన్న బాతులు, చిన్నరకం బాతులు, బురదలో పొడుగు ముక్కుతో పొడుచుకుంటూ తిరిగే ఉల్లంకి జాతులు వాటిలో ఉంటాయి. అవి ఇక్కడ గూడు పెట్టవు, ఎండలు ముదరకముందే వెళ్లిపోతాయి. వాటిని చూడాలంటే స్టాండ్ల వైపు కాదు, పల్చటి నీళ్లూ బురదా ఉన్న చోట్ల చూడాలి. పరాయి పక్షి అనుకుంటే రెండు రోజుల ముచ్చట. మన పక్షి అని తెలిస్తే దాని గూడు గురించి మనమే అడగాలి. అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను.

ప్రశ్న: పిల్లలు పక్షులకి బ్రెడ్డు, మరమరాలు వెయ్యొచ్చా? డ్రోన్‌తో వీడియో తీసుకోవచ్చా?
– ఇద్దరు ముగ్గురు అడిగారు

జవాబు: రెండూ వద్దు. అది వన్యప్రాణి అభయారణ్యం, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేస్తే కేసవుతుంది. కేసు సంగతి అటుంచి, ఆ మోతకి కాలనీ మొత్తం ఒక్కసారి లేస్తుంది.

ప్రశ్న: మా అత్తగారు కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కుకున్నారు. జాతర ఎప్పుడు? ఆ కోట కథ కాస్త చెప్పండి.
– గృహిణి, తణుకు

జవాబు: జాతర ఫాల్గుణ మాసంలో. శుద్ధ పాడ్యమి నుంచి మొదలవుతుంది, అంటే శివరాత్రి వెళ్లాక వచ్చే రోజులు. ఆ ఏటి తేదీలు పంచాంగంలో చూసుకుని, దేవస్థానంవాళ్లని ఒకసారి అడిగి బయల్దేరండి. కొల్లేటి చుట్టూ ఉన్న ఊళ్లన్నీ ఆ రోజుల్లో అక్కడే ఉంటాయి. పెళ్లయి దూరంగా వెళ్లిన ఆడపిల్లలు సంక్రాంతికి రాకపోయినా పెద్దింట్లమ్మ జాతరకి వస్తారు. అమ్మవారిది పెద్ద విగ్రహం, చూపు నేరుగా మన మీదే ఉన్నట్టుంటుంది. మీ అత్తగారికి రద్దీ పడదంటే జాతర రోజులు వదిలేసి మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి, ప్రశాంతంగా దర్శనం అవుతుంది. ఆదివారం మాత్రం మొక్కులవాళ్లు ఎక్కువ.

కోట కథ మా నాయనమ్మ చెప్పినట్టు చెబుతాను. గజపతుల కాలంలో కొల్లేటి నడుమ లంక మీద కోట కట్టుకుని ఓఢ్ర (ఒరియా) రాజు సైన్యం ఉండేదట. చుట్టూ నీళ్లే వాళ్లకి కందకం. శత్రువు ఒడ్డున చిగురుకోటలో దిగి, ఎంతకాలం కాచినా లోపలికి రాలేకపోయాడట. చివరికి కొల్లేటి నీళ్లని సముద్రంలోకి తోడెయ్యాలని కాలువ తవ్వించాడట. ఆ సమయంలో ఓఢ్ర సేనాని తన కూతుర్నే బలిచ్చాడనీ, ఆమె పేరంటాలై నిలిచిందనీ, ఆ కాలువకి పేరంటాల కనుమ అన్న పేరు అలా వచ్చిందనీ చెబుతారు. పాత జిల్లా రికార్డుల్లో కూడా ఈ కథ ఎక్కింది.

ఇది చరిత్రా, కట్టుకథా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. శాసనం చూపించమంటే చూపించలేం. కానీ ఆ కథ కట్టినవాళ్లకి కొల్లేరు బాగా తెలుసు. నీళ్లు ఉన్నంతకాలం కోటకి కాపలా ఉన్నట్టే అనీ, ఉప్పుటేటి వైపు దారి పెంచితే కొల్లేరు ఖాళీ అవుతుందనీ ఇంజనీర్లు రాకముందే వాళ్లకి తెలుసు. నాకైతే ఆ పిల్ల గురించే ఎక్కువ దిగులు. ఎవరి యుద్ధానికో బలైపోయింది. మా ఇంట్లో ఆడవాళ్లు ఆమె మాట వచ్చినప్పుడు గొంతు తగ్గించేవాళ్లు.

కైకలూరులో శ్యామలాంబ అమ్మవారి గుడి కూడా ఉంది, అదే ప్రయాణంలో చూసుకోవచ్చు.

ప్రశ్న: మాస్టారూ, మాది కొల్లేటి లంకే. 2006లో మా నాన్న చెరువు గట్లు కొట్టేశారు. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఇక్కడ ఫ్రెండ్స్ కొల్లేరు మాట రాగానే "మీవాళ్లే కదా సరస్సుని మింగేసింది" అంటారు. పక్షుల్ని చూడ్డానికి వస్తామంటున్నారు. నాకు వాళ్లని తీసుకురావాలని ఉంది, రావొద్దనీ ఉంది. ఏం చెయ్యమంటారు?
– మీ ఊరి పక్క ఊరి కుర్రాడు

జవాబు: బాబూ, తీసుకురా. కాకపోతే ఆటపాక చూపించి పంపెయ్యకు. మీ ఊరు తీసుకెళ్లు, మీ నాన్నగారి దగ్గర కూర్చోబెట్టు.

వాళ్లకి మొదటి నుంచీ చెప్పు. చెరువులు రాకముందు మన లంకల్లో వడ్డీలు, అంటే చేపలవేట మీద బతికే వడ్డీ కులంవాళ్లు, మావులు పెట్టి చేపలు పట్టేవాళ్లు. వెదురు బద్దలతో అల్లిన ఆ మావు ఎలా ఉంటుందో మీ ఇంట్లో అటక మీద ఉంటే దించి చూపించు. చేప లోపలికి దూరడానికి బద్దలు వంగుతాయి, బయటికి రాబోతే మొనలు అడ్డం పడతాయి. కొర్రమేను, వాలుగ, జెల్ల, గొరక అందులో పడేవి. తాటిదోనె మీద వెళ్లి తెల్లారకముందే తీసుకొచ్చేవాళ్లు. నీళ్లు తీసిన నేలలో దాళ్వా (రెండో పంట) వరి వేసేవాళ్లు. వరదొస్తే అది కూడా పోయేది. రోడ్డు లేదు, తాగడానికి మంచినీళ్లు లేవు. పురుటి నొప్పులొస్తే దోనెలో తీసుకెళ్లాలి. ఆ పేదరికం చూసి 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి, చెరువులు తవ్వుకోమంది. అప్పుడు దాన్ని అభివృద్ధి అన్నారు. మన పెద్దవాళ్లు దొంగతనంగా తవ్వలేదు, ఆ మాట నువ్వు తలెత్తుకునే చెప్పు.

తర్వాత జరిగింది కూడా దాచొద్దు. చేపల్లో డబ్బు కనిపించేసరికి బయటి పెట్టుబడి దిగింది. సంఘాల చెరువులు లీజుల పేరుతో చేతులు మారాయి. వందల ఎకరాల గట్లు లేచాయి. నీరు పారే దారులు మూసుకుపోయాయి. పైన వానలు పడితే ఊళ్లు మునగడం, కింద ఎండాకాలంలో ఉప్పుటేటి గుండా ఉప్పునీరు ఎగదన్నడం మనం చూశాం. విజయవాడ, గుడివాడ, ఏలూరు మురుగూ, పొలాల మందులూ వచ్చి ఇందులోనే పడ్డాయి. 1999లో అయిదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, అంతర్జాతీయంగా కాపాడాల్సిన చిత్తడి నేల అని. 2005-06లో గట్లు కొట్టేశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యవహారం అది.

గట్లు తీసెయ్యడం కొల్లేరుకి అవసరమేనని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఊళ్లో కొందరు నాతో మాట్లాడ్డం మానేశారు కూడా. కానీ పొక్లెయిన్ వచ్చినంత తొందరగా ఉపాధి రాలేదు. పెద్ద లీజుదారు లెక్క చూసుకుని వెళ్లిపోయాడు, సంఘంలో వాటా తప్ప ఇంకేం లేని కుటుంబం వలస వెళ్లింది. మీ నాన్న ఏ కోవలోవారో నాకు తెలుసు. నీ స్నేహితులకి ఆ తేడా తెలియాలి. పక్షి కావాలా, మనిషి కావాలా అని అడిగేవాళ్లని మాత్రం నమ్మకు. మావు పెట్టి బతికిన రోజుల్లో రెండూ ఉన్నాయి కొల్లేట్లో. నీళ్లు పారితే చేపలుంటాయి, చేపలుంటే మన వడ్డీలూ గూడబాతులూ ఇద్దరూ ఉంటారు.

ఇంకో మాట. నువ్వు రానంటే వాళ్లు ఎలాగూ వస్తారు, గంటసేపు ఫొటోలు దిగి, అదే అభిప్రాయంతో తిరిగిపోతారు.

ప్రశ్న: నాకు పాత శాసనాలంటే ఆసక్తి. కొల్లేటి చుట్టుపక్కల చరిత్రకి సంబంధించి చూడదగ్గవి ఏమున్నాయి?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, భీమవరం

జవాబు: మీకు దగ్గర్లోనే కలిదిండి ఉంది, మొదట అక్కడికి వెళ్లండి సార్. నన్నయ గారిని ఆదరించిన రాజరాజ నరేంద్రుడు వేయించిన రాగిరేకుల శాసనంలో ఆ ఊరి ప్రస్తావన ఉంది. పదకొండో శతాబ్దంలో అక్కడ జరిగిన యుద్ధంలో ఆయన పక్షాన పోరాడిన చోళ సేనానులు చనిపోతే, వాళ్ల జ్ఞాపకంగా శివాలయాలు కట్టించాడని అందులో ఉంది. వేంగి రాజ్య సింహాసనం కోసం తమిళ దేశపు సేనలూ, కర్ణాటక సేనలూ మన చిత్తడి నేలల్లోకి వచ్చి కొట్టుకున్నాయన్న మాట. ఈ రోజు అక్కడ చేపల లారీలు తిరుగుతుంటే ఆ సంగతి ఎవరికీ తట్టదు. ఊళ్లో పాతాళ భోగేశ్వరుడి గుడి చూడండి.

ఇంకా పాతది కావాలంటే కర్ణాటకలోని ఐహోళెలో ఉంది. 634 నాటి శాసనం, రెండో పులకేశి విజయాల గురించి రవికీర్తి రాసింది. పిష్టపురం, అంటే మన పిఠాపురం, పట్టుకున్న వెంటనే కునాల అనే సరస్సు మాట వస్తుంది. నీళ్లు యోధుల నెత్తురుతో ఎర్రబడ్డాయని వర్ణన. ఆ కునాల మన కొల్లేరేనని చరిత్రకారులు చెబుతారు.

ఏలూరుకి ఉత్తరంగా పెదవేగి ఉంది. శాలంకాయనుల రాజధాని, తర్వాత వేంగి చాళుక్యులకూ రాజధాని. పురావస్తు శాఖ తవ్విన దిబ్బలు ఉన్నాయి. చూసేవాళ్లకి ఇటుకలే కనిపిస్తాయి, మీలాంటివాళ్లకి అవి చాలు.

ప్రశ్న: వానాకాలంలో వస్తే పచ్చగా ఉంటుంది కదా, అప్పుడు రావొచ్చా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పచ్చగా ఉంటుంది, నిజమే. కానీ ఎగువన గట్టి వానలు పడితే ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోతాయి. లంక ఊళ్లకి దారులు మునుగుతాయి. అప్పుడు అక్కడివాళ్లకి వాళ్ల ఇబ్బందులే చాలు, మనం చూడ్డానికి వెళ్లడం బాగోదు. దసరా దాటాక రండి.

ప్రశ్న: మేం నలుగురం అక్కాచెల్లెళ్లం, అందరం అరవై దాటినవాళ్లం. ఇద్దరికి మోకాళ్ల నొప్పులు. ఒక్క పూట ప్రశాంతంగా గడపాలని ఉంది, హడావుడి వద్దు. ఎలా ప్లాన్ చేసుకోవాలి? బస, భోజనం టెన్షన్‌గా ఉంది.
– విజయవాడ

జవాబు: టెన్షన్ ఏమీ వద్దమ్మా. ముందు రోజు సాయంత్రానికే ఏలూరో భీమవరమో చేరి మంచి లాడ్జిలో పడుకోండి. కైకలూరులోనూ గదులు దొరుకుతాయి, పొద్దున్నే ఆటపాకకి దగ్గర కూడా. గుడివాడ మీదుగా భీమవరం వెళ్లే రైళ్లలో కొన్ని కైకలూరులో ఆగుతాయి. మోకాళ్ల నొప్పులు ఉన్నాయంటున్నారు కాబట్టి స్టేషన్ నుంచి రోజంతటికీ ఒక ఆటో మాట్లాడుకోండి. ఆ ఊరి ఆటో అబ్బాయికి ఏ గట్టు మీద బండి వెళ్తుందో, ఏది బురదో తెలుస్తుంది.

సూర్యోదయానికి ఆటపాక. పడవ రేవు దగ్గర మెట్లు దిగడం కష్టమనిపిస్తే ఒడ్డునే కూర్చోండి, ఏం పోదు. వాచ్ టవర్ ఎక్కే ప్రయత్నం మోకాళ్లు బాగున్న ఇద్దరూ చెయ్యండి. మడత కుర్చీలు రెండు కారులోనో ఆటోలోనో పెట్టుకుంటే ఇంకా సుఖం. లేత రంగు చీరలకన్నా ఆకుపచ్చా బూడిదా రంగులు మేలు, పక్షులు బెదరవు. మంచినీళ్లు ఇంటి నుంచే పెద్ద సీసాల్లో తెచ్చుకోండి. టాయిలెట్ సంగతి బయల్దేరేముందు లాడ్జిలోనే చూసుకోవాలి, లంకల్లోకి వెళ్లాక ఇబ్బంది.

ఎనిమిదింటికల్లా ఎండ ఎక్కుతుంది. అప్పుడు కైకలూరు వచ్చి టిఫిన్ చేసి, కొల్లేటికోట వెళ్లండి. దారి, కాలువ దాటే ఏర్పాటు ఆ రోజు ఎలా ఉందో టిఫిన్ హోటల్లోనే అడగండి, అందరూ చెబుతారు. అమ్మవారి దర్శనం అయ్యాక వెంటనే లేవకండి. గుడి దగ్గర నీడలో ఏ ముసలమ్మ పక్కనో కూర్చుని, "మీ చిన్నప్పుడు ఇక్కడికి ఎలా వచ్చేవాళ్లు?" అని అడగండి. మీ వయసువాళ్లు అడిగితే వాళ్లు చెప్పే తీరే వేరు. దోనెలు, వరదలు, పురుళ్లు, జాతరకి వచ్చిన చుట్టాలు, అన్నీ వస్తాయి. నేను ఇక్కడ రాసినదానికన్నా అది ఎక్కువ.

భోజనానికి చేపల పులుసు తినేవాళ్లయితే కొర్రమేను ఉందా అని అడగండి. చాలాచోట్ల పెట్టేది చెరువులో పెంచిన బొచ్చె, శీలావతి. అవీ బాగుంటాయి, ఇక్కడి నుంచి బెంగాల్ దాకా వెళ్లేవి అవే. కొర్రమేను దొరికిన రోజు మాత్రం వదలొద్దు. మాంసాహారం తినకపోతే కైకలూరులో మామూలు భోజనం హోటళ్లు ఉన్నాయి.

మధ్యాహ్నం రెండింటికల్లా తిరుగు ప్రయాణం పెట్టుకోండి. ఒకవేళ సాయంత్రం దాకా ఉండగలిగితే మాత్రం, అయిదు గంటల వేళ ఏలూరు రోడ్డులో ఎక్కడైనా ఆగి చూడండి, కొంగలు గూళ్లకి మళ్లే సమయం అది. బండి రోడ్డు వారగా పెట్టించండి, అక్కడ లారీలు చాలా వేగంగా వస్తాయి.